సువార్త చెప్పేటప్పుడు ప్రభువు తోడున్నడని నాకెందుకు అనిపిస్తలేదు?

హాలియా_టైలరక్క

అందరికీ వందనాలు. మాది హాలియా దగ్గర ఊరు. ఇంటి ముందర రూంల మిషిన్ వేసుకొని బ్లౌజులు కుడుత, ఫాల్ పికో చేస్త, బతుకమ్మ పండుగ ముందు అయితే అర్ధరాత్రి దాకా హుక్సులు కుట్టుడే ఉంటది. మా అమ్మగారింట్ల అందరం చిన్నప్పటి సంది చర్చికి పోయేటోళ్ళమే, అత్తగారింట్ల మాత్రం మా ఆయన ఒక్కడే నాతోని వస్తడు, మిగిలినోళ్ళు రారు, అట్లని నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

బట్టలియ్యనీకి వచ్చినోళ్ళు కాసేపు కూసుంటరు, ఇంట్ల బాధలు చెప్పుకుంటరు. మా ఎదురింటి వదిన ఉన్నది, వాళ్ళాయన చనిపోయి ఏడాది కూడ కాలే, ఇద్దరు చిన్న పిల్లలు, పత్తి చేను కౌలుకు ఇచ్చేసింది. మొన్న కొలతలు తీస్తుంటే ఆమె ఉన్నట్టుండి "నువ్వు ఎప్పుడు జూసినా నిమ్మళంగ ఉంటవు, నీకు గా నిమ్మళం ఎక్కడికెల్లి వస్తది" అని అడిగింది. అడిగింది ఆమె, నేను ఎత్తిన ముచ్చట కాదు, చెప్పనీకి ఇంతకన్న మంచి టైం ఏముంటది, అయినా టేపు చేతుల అట్లనే ఉండిపోయింది, నోరు ఎండిపోయింది, గుండె దడదడ కొట్టుకుంది, యేసయ్య నాకు తోడున్నడు వదినా అని, మా నాయిన పోయినప్పుడు నాకు ఆదరణ ఎట్ల దొరికిందో కొంచెం చెప్పిన. ఆమె కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నది, ఇంకేం మాట్లాడలే.

అప్పుడే అక్కడ కూసున్న ఇంకొకామె "బ్లౌజులు కుడుతున్నవా, మతం మారుస్తున్నవా" అన్నది. నవ్వుకుంటనే అన్నది గాని అప్పటి సంది ఆమె రాలే, వాళ్ళ తోటికోడళ్ళ బట్టలు కూడ వేరేకాడ ఇస్తున్నరు. మా ఆయన "చెప్పకు అంటలేను, జర చూసుకొని చెప్పు, మనం ఈ ఊర్లనే బతకాలె" అంటుండు. అది తప్పని నేను అనలేను.

ఇగ నేను అడగాలనుకున్నది. ప్రభువు మన పక్కనే ఉంటడని చిన్నప్పటి నుంచి వింటనే ఉన్న. పాటలు పాడేటప్పుడు, ఉపవాస ప్రార్థనల, ఒక్కదాన్నే మిషిన్ తొక్కుకుంట ప్రార్థన చేసుకునేటప్పుడు ఆయన సన్నిధి నాకు నిజంగ తెలుస్తది. కాని ఆయన గురించి ఎవరికన్న చెప్పనీకి నోరు తెరిచిన్నంటే మాత్రం ఆ సన్నిధి ఎటు పోతదో తెల్వది, నేను ఒక్కదాన్నే నిలబడ్డట్టు ఉంటది, చెప్పినంక ఇంకా ఒంటరిగ అనిపిస్తది. ఎక్కువ అవసరం ఉన్నప్పుడే ఎందుకట్ల? నా విశ్వాసం తక్కువనా? మీకు ఎవరికన్న గిట్ల అయితదా? దయచేసి "ప్రార్థన చెయ్యి చెల్లె" అని ఒక్క ముక్కల వదిలెయ్యకండ్రి, అది చేస్తనే ఉన్న.

దేవరకొండ_పాస్టరయ్య

వందనాలు బిడ్డా. నేను దేవరకొండ చుట్టుముట్టు చిన్న ఊర్ల సంఘాలు చూసుకుంట వచ్చిన, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ తిరగలేను, అందుకే గిట్ల ఫోన్ల రాసుడు అలవాటైంది. కొంచెం పొడుగు రాస్త, ఓపికతోని చదువు.

నువ్వు అడిగిన దానికి మత్తయి 28వ అధ్యాయం చివర చూడు. గలిలయ కొండ మీద పదకొండు మంది శిష్యులు నిలబడ్డరు, చావు నుంచి లేచిన ప్రభువు కండ్ల ముందర ఉన్నడు, మొక్కిండ్రు కూడ, అయినా అక్కడనే "కొందరు సందేహించిరి" అని రాసి ఉంటది. చాలామంది ఈ మాట చదవకుంటనే దాటి పోతరు. నేను మాత్రం ఈ మాట కాడనే ఆగుత. ఎందుకంటే ప్రభువు ఆ సందేహించినోళ్ళను పక్కకు నిలబెట్టి మీ విశ్వాసం సరి చేసుకొని రాండ్రి అప్పుడు పంపుత అనలేదు, అందరినీ కలిపి పొమ్మన్నడు, అందరికీ కలిపే "ఇదిగో నేను యుగసమాప్తి వరకు సదాకాలము మీతో కూడ ఉన్నాను" అన్నడు. మీకు అనిపిస్తది అనలేదు బిడ్డా, ఉన్నాను అన్నడు. ఆ మాట ఆయన ఇచ్చిందే పోయేటోళ్ళకు, చెప్పేటోళ్ళకు. అంటే నీ నోరు ఎండిపోయిన ఆ నిమిషం ఉన్నది చూడు, ఆ వాగ్దానం దాని కోసమే ఇచ్చిండు.

ఇంకొకటి, ఊరూరు తిరిగి యేసు గురించి చెప్పిన అపొస్తలుడు పౌలు కొరింథుకు వచ్చిన సంగతి. దానికి ముందు ఫిలిప్పీల బెత్తాలతోని కొట్టించుకున్నడు, థెస్సలొనీకల లొల్లి అయింది, బెరయ నుంచి కూడ పంపించేసిండ్రు, ఏథెన్సుల కొందరు నవ్విండ్రు. అట్ల కొరింథుకు వచ్చిన మనిషికి ప్రభువు రాత్రి దర్శనంల కనపడి "నీవు భయపడక మాటలాడుము, మౌనముగా ఉండకుము" అన్నడు, నేను నీకు తోడై ఉన్న అన్నడు (అపొస్తలుల కార్యములు 18). భయం లేనోనికి భయపడకు అని ఎవరూ చెప్పరు గదా. తర్వాత ఆయనే కొరింథోళ్ళకు రాసుకుంట మీ కాడ ఉన్నప్పుడు "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను" ఉంటి అని దాచకుంట ఒప్పుకున్నడు. ప్రభువు తోడున్న మాట నిజం, పౌలు వణికిన మాట కూడ నిజం, రెండూ ఒక్క ఊర్లనే, ఒక్క మనిషికే. అక్కడ ఏడాదిన్నర ఉన్నడు. కాబట్టి గుండె దడ చూసి విశ్వాసం తక్కువని నిన్ను నువ్వు తీర్పు తీర్చుకోకు.

అదే దర్శనంల ప్రభువు ఇంకొక మాట అంటడు, ఈ పట్టణంల నాకు బహు జనం ఉన్నది అని. పౌలుకు ఆ జనం ఇంకా తెల్వనే తెల్వదు, ప్రభువుకు మాత్రం ముందే తెలుసు. మీ వదిన సంగతి కూడ గట్లనే చూడు. ఆమె ఏడ్చిన రాత్రులు నువ్వు చూసినవా? నువ్వు పోకముందే ఆయన ఆమె కాడ ఉన్నడు. ఆ ప్రశ్న ఆమె నోట్లకు ఊరికెనే వచ్చిందనుకుంటున్నవా?

మన తెలుగు సంఘాల చరిత్ర ఒక్క ముక్క చెప్త. మన నల్లగొండకు 1890ల రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు మెన్నొనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళు, గాని పని చేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్ తోని కలిసి. ఆ బాప్టిస్టు మిషన్ తెలుగు పనికి మొదట్ల కేంద్రం నెల్లూరు, ఏండ్లకేండ్లు నమ్మినోళ్ళు చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే, అమెరికాల పెద్దలు ఈ పని మూసేద్దామా అని ఒకసారి కాదు మళ్ళమళ్ళ మాట్లాడుకున్నరు. అట్లాంటి టైంల 1854 జనవరి 1న తెల్లారుగట్ల ఆ మిషన్ మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ఇద్దరు ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కాడ కొండెక్కి మోకరించిండ్రు. కింద ఉన్న ఊర్ల వాళ్ళకు ఒక్క సంఘం లేదు. 1878 జూలైల అదే ప్రాంతంల తర్వాత వచ్చిన మిషనరీ క్లఫ్ దొర కాలంల ఒక్క రోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నరు, అది అందరికీ తెలిసిన చరిత్రనే. నేను ఆ పెద్ద లెక్క కోసం చెప్తలేను. ఆ కొండ మీద ఉన్న పొద్దు వాళ్ళ చేతుల ఏముండె? కనపడే ఫలితం ఏమీ లేదు, ఆయన మాట ఒక్కటే ఉండె, దాని మీదనే కొండ దిగి మళ్ళ పనికి పోయిండ్రు. 1878 నాడు ఎంత తోడున్నడో 1854 నాడు కూడ అంతే తోడున్నడు.

పాలమూరు_నైట్‌డ్యూటీ

అక్కా ప్రైజ్ ది లార్డ్. నేను మహబూబ్‌నగర్‌ల స్టాఫ్ నర్సుని. అయ్యగారు వాక్యం మంచిగ చెప్పిండ్రు, నేను నా అనుభవం చెప్త.

ముందుగల ఒకటి, నేను డ్యూటీల బోధ చెయ్య. మంచం మీద పడుకున్న మనిషి లేచి పోలేడు, వద్దు అని చెప్పనీకి కూడ మొహమాటపడతడు, సూది పొడిచేది నేనే కాబట్టి నాకు భయపడతడు కూడ, అట్లాంటి మనిషికి నా విశ్వాసం వినిపించుడు న్యాయం కాదని నా నమ్మకం. అడిగితె మాత్రం దాచుకోను. ఒకసారి అచ్చంపేట దిక్కు నుంచి వచ్చిన అవ్వ ఉండె, పొద్దుగాల ఆపరేషన్, కొడుకులు హైదరాబాద్‌ల పని మీద ఉన్నరు, తోడు వచ్చిన మనవరాలు కింద చాప మీద నిద్రపోయింది. బీపీ చూస్తుంటే అవ్వ నా చెయ్యి పట్టుకున్నది, "బిడ్డా నాకు దడ పుడుతుంది, నువ్వు మొక్కే దేవునికి నా గురించి మొక్కుతవా" అన్నది. పక్క బెడ్డు సెలైన్ అయిపోవస్తుంది, ఒక కన్ను దాని మీదనే ఉంది, మెల్లగ రెండు మాటలు ప్రార్థన చేసిన. నాకు ఏమీ అనిపించలే అక్కా, నిజంగ ఏమీ అనిపించలే, సన్నిధి లేదు కన్నీళ్ళు లేవు, సెలైన్ మార్చనీకి ఉరికిన. మళ్ళ వచ్చి చూస్తె అవ్వ నిద్రపోయింది. గురక పెట్టుకుంట నిద్రపోయింది. ఆ రాత్రి నాకు తెలిసింది ఏందంటే, ఆ టైంల ఆయన ఆదరణ అవ్వకు కావాలె, అవ్వకు పోయింది. నాకు కూడ అదే నిమిషంల అనిపించాలె అని ఎక్కడ రాసి ఉన్నది?

మీరు పాటలప్పుడు తెలుస్తది, చెప్పేటప్పుడు తెలుస్తలేదు అన్నరు కదా. పాట పాడేటప్పుడు మీ ధ్యాసంత ఆయన మీద ఉంటది. వదినతోని మాట్లాడేటప్పుడు ధ్యాసంత ఆమె ముఖం మీద, ఆమె బాధ మీద ఉంటది, ఉండాలె కూడ, అదే ప్రేమ. మీరు టైలర్ కాబట్టి మీకు తొందరగ అర్థమైతది, సూదిల దారం ఎక్కించేటప్పుడు మీరు కరెంటు బుగ్గను చూడరు, సూది బెజ్జాన్ని చూస్తరు, కాని చూసేది బుగ్గ వెలుగుతోనే. ఇగ గుండె దడ, నోరు ఎండుడు అనేది ఒంట్ల అడ్రినలిన్ చేసే పని, పరీక్ష హాల్ల కూడ అయితది, ఇంటర్వ్యూల కూడ అయితది, దాన్ని ఆత్మీయ స్థితికి కొలతగ పెట్టుకోకండ్రి. ఎమ్మాయు దారిల ఇద్దరు శిష్యులు ప్రభువుతోనే నడిచిండ్రు, ఆయనతోనే మాట్లాడిండ్రు, ఆయన అని గుర్తే పట్టలే, ఇంటికి పోయి రొట్టె విరిచినంకనే తెలిసింది. దారి పొడుగునా ఆయన లేడని అందామా?

చెప్పినంక వచ్చే ఒంటరితనం గురించి ఒక మాట, దీన్ని ఎవరూ పెద్దగ పట్టించుకోరు గాని నాకు ఇది ముఖ్యం. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగ పంపిండు, ఒక్కొక్కరిని పంపలే. పౌలు మాసిదోనియల బయట పోరాటాలు లోపల భయాలు అని రాసుకుంట దేవుడు మమ్మల్ని తోటి పనివాడు తీతు రాకతోని ఆదరించిండు అంటడు, 2 కొరింథి 7ల చూడండ్రి. అంత పెద్ద అపొస్తలునికి దేవుడు ఆదరణ పంపింది ఒక మనిషి కాళ్ళ మీద నడిపించి. అందుకే నేను డ్యూటీ దిగినంక మా సంఘంల ఒక అక్కకు ఫోన్ చేస్త, పేషెంట్ల పేర్లు చెప్ప, ఊరికె ఇట్ల అయింది అక్క అని చెప్త, ఆమె ఫోన్లనే ప్రార్థన చేస్తది, అప్పుడు కడుపు నిండ టిఫిన్ తిని పడుకుంట. మీకు అట్లాంటి మనిషి ఒక్కరన్న ఉన్నరా? లేకపోతే ముందు అది చూసుకోండ్రి.

కోయిల్‌సాగర్_రైతుబిడ్డ

నమస్తే అండి. నేను క్రిస్టియన్ని కాదు, మాది కోయిల్‌సాగర్ ఆయకట్టు కింద ఊరు, మా ఇంటిల్లిపాది కురుమూర్తి జాతరకు పోయేటోళ్ళం, ఇక మీద కూడ పోతం. ఈ చర్చ కనపడితె చదివిన, ఒక మాట చెప్పాలనిపించింది, తప్పుగ అనుకోకండ్రి.

మా బాపు జబ్బు పడ్డప్పుడు మా పక్క పొలం క్రిస్టియన్ పెద్దమనిషి రోజు వచ్చి కూసునేటోడు. మోటరు పెట్టి మా మడికి కూడ నీళ్ళు పారిచ్చిండు. నేను ప్రార్థన చెయ్యొచ్చా అని అడిగి, మా అమ్మ సరే అంటెనే చేసిండు. మా దేవుళ్ళను ఒక్క మాట అనలేదు. బాపు పోయినంక దినాల కాడ కూడ మాతోనే ఉన్నడు. ఆ మనిషి తన దేవుని గురించి ఏం చెప్పినా నేను వింట. ఇంకొందరు ఉంటరు, వచ్చుడు వచ్చుడే మీరు మొక్కేది రాళ్ళు, మీరు నరకానికి పోతరు అంటరు, గట్ల అంటె ఎవరికైనా కోపం రాదా చెప్పండ్రి. హాలియా అక్క చేసింది మొదటి రకమే, ఆమె అడిగింది, ఈమె చెప్పింది, అండ్ల నాకైతే తప్పు కనపడలే.

కాని నాకు ఒక డౌట్ ఉంది, నిజంగ తెలుసుకుందామనే అడుగుతున్న. మీ దేవుడు ఎప్పుడూ మీతోనే ఉంటడు, అంత ఆయనే చేస్తడు అని నమ్ముతున్నప్పుడు కొందరికి అంత తొందర ఎందుకు, అంత గట్టిగ అరుసుడు ఎందుకు? తోడు ఉన్నోడు నిమ్మళంగ ఉండాలె గదా?

దేవరకొండ_పాస్టరయ్య

బాబూ, నువ్వు వచ్చి ఈ మాట అడిగినందుకు చాల సంతోషం. నువ్వు అన్నది నూటికి నూరు పాళ్ళు నిజం, మా పెద్దలు కొందరు మాకు నేర్పించింది కూడ గదే. తోడున్నడన్న నమ్మకం లోపల ఉన్నోడు ఎదుటి మనిషిని తొందరపెట్టడు. ఫలితం నా చేతులనే ఉంది అనుకున్నోడు గుంజుతడు, అరుస్తడు, ఆశ చూపెడతడు, లెక్కలు రాసుకుంటడు. పౌలు ఏమన్నడంటే నేను నాటిన, తోటి బోధకుడు అపొల్లో నీళ్ళు పోసిండు, పెరుగుదల ఇచ్చింది దేవుడు అన్నడు. పేతురు మీ నిరీక్షణ గురించి అడిగిన ప్రతి మనిషికి జవాబు చెప్పనీకి సిద్ధంగ ఉండండ్రి అని రాసిండు, అదే వాక్యంల సాత్వికముతోను భయముతోను చెప్పాలె అన్నడు. ఇంకొకరి దేవుళ్ళను తిట్టమని ఎక్కడా లేదు. ఎఫెసుల అర్తెమిదేవి గుడి ఉన్న ఊర్ల అంత లొల్లి అయినప్పుడు కూడ ఆ ఊరి కరణమే లేచి వీళ్ళు మన దేవతను దూషించలేదు అని సాక్ష్యం చెప్పిండు, అపొస్తలుల కార్యములు 19ల ఉంటది. మా మీద ఊరోళ్ళు చెప్పాల్సిన సాక్ష్యం గది.

చట్టం కూడ అందరం తెలుసుకోవాలె. రాజ్యాంగం 25వ అధికరణ తన మతాన్ని నమ్మనీకి, పాటించనీకి, ప్రచారం చేసుకోనీకి హక్కు ఇచ్చింది, శాంతిభద్రతలు నైతికత ఆరోగ్యం అనే హద్దులల్ల. 1977ల స్టానిస్లాస్ కేసుల సుప్రీంకోర్టు ఏమన్నదంటే, నీ నమ్మకం వివరించి చెప్పుడు నీ హక్కు, ఇంకొకరిని మార్చుడు హక్కు కాదు అన్నది. విశ్వాసిగ నాకు దీంతోని బాధ ఏం లేదు. మనసు మార్చుడు మనిషి పని అని మేము ఎన్నడూ అనుకోలే.

మీ బాపు కాడ కూసున్న ఆ పెద్దమనిషికి నా వందనాలు చెప్పు.

బైబిల్‌కాలేజ్_తమ్ముడు

అయ్యగారు చెప్పినదాంట్ల ఒక దగ్గర కొంచెం జాగ్రత్త కావాలె అనిపిస్తుంది, పెద్దలు క్షమించాలె. కొరింథుల ప్రభువు పౌలుతోని నీకు ఎవడూ హాని చెయ్యడు అన్నడు, ఆ మాట ఆ ఊరి మటుకే. అదే పౌలును తర్వాత యెరూషలేంల పట్టుకొని కొట్టిండ్రు, సంకెళ్ళేసిండ్రు. యేసు గురించి చెప్పినందుకు రాళ్ళతోని కొట్టి చంపిన స్తెఫను సంగతి చూడండ్రి, రాళ్ళు పడే ముందు ఆకాశం తెరవబడి యేసు నిలబడి ఉండుడు కనపడింది, రాళ్ళు మాత్రం ఆగలే. తోడుంటడు అంటే ఏమీ కాదు అని అర్థం చేసుకుంటె, రేపు గిరాకీ తగ్గినప్పుడు, చుట్టాలు మాట్లాడనప్పుడు దేవుడు విడిచిపెట్టిండు అనుకుంటరు. మన పల్లెల్ల చాలమంది కొత్త విశ్వాసులు ఇక్కడనే కుంగిపోతరు. అందుకే అక్కతోని ఇది ముందే చెప్పుడు మంచిది, కొందరు బట్టలు ఇయ్యకపోవచ్చు, ఆ నష్టం నిజమైన నష్టమే, దాన్ని చిన్నగ చేసి మాట్లాడొద్దు.

జాన్ పేటన్ అని స్కాట్లాండ్ మిషనరీ, పసిఫిక్ సముద్రంల తన్న అనే దీవికి 1858ల పోయిండు, ఇప్పటి వనువాటు దేశం అది. మరుసటి ఏడే భార్య చనిపోయింది, పసిపిల్లోడు చనిపోయిండు, తన చేతులతోనే సమాధి తవ్వుకున్నడు. యేసు తోడు లేకుంటె ఆ సమాధి కాడనే పిచ్చి పట్టి చచ్చిపోదును అన్నట్టు రాసుకున్నడు. 1862ల ఆ దీవి విడిచి పారిపోవాల్సి వచ్చింది, చంపనీకి వెతుకుతుంటె ఒక రాత్రి చెట్టు మీద దాక్కున్నడు, కింద తుపాకి మోతలు, అరుపులు. ఆ కొమ్మల మధ్యల ఉన్నప్పుడు ప్రభువు అంత దగ్గరగ ఎన్నడూ అనిపించలేదని ఆయనే చెప్పిండు. చూడండ్రి, అదే మనిషికి ఒక్కోసారి అంత గట్టిగ తెలిసింది. అట్ల తెలిసే రోజులు కూడ ఇస్తడు, ఎప్పుడు ఇయ్యాలె అనేది ఆయన ఇష్టం. తన్నల ఆయన చూసిన ఫలితం చాల తక్కువ, తర్వాత పక్కనున్న అనివ దీవికి పోయిండు, అక్కడ నమ్మినోళ్ళను చూసిండు.

ఇంకొకటి, అక్క వాళ్ళ ఆయన అన్న మాటను ఎవరూ అవిశ్వాసం అనొద్దు. ఇంటిని కాసుకునే మనిషి అట్లనే అంటడు, ఇద్దరు కలిసి ప్రార్థన చేసి ఎట్ల చెప్పాలె ఎప్పుడు చెప్పాలె అని మాట్లాడుకుంటె మంచిగుంటది.

గద్వాల్_మేస్త్రి

అక్క నమస్తె నేను గద్వాల కాడోన్ని పూణెల బిల్డింగ్ పనిల ఉన్న, రాసుడు ఎక్కువ రాదు ఫోన్ల మాట్లాడితె అదే టైపు అయితది తప్పులుంటె ఏమనుకోకండ్రి. మా ఇంటి నుంచి మొదట నమ్ముకున్నది నేనే, అన్నదమ్ములు సంవత్సరాలు మాట్లాడలే, ఊర్ల పండుగకు పోతె నా పళ్ళెం వేరేగ పెట్టిండ్రు, ఇప్పుడు జర నయం మా చిన్న తమ్ముడు ఫోన్ చేస్తడు. ఇక్కడ రేకుల షెడ్డుల మేము బీహారోళ్ళు ఒడిశోళ్ళు అందరం కలిసి ఉంటం చర్చి దూరం ఆదివారం కూడ స్లాబ్ ఉంటె పని ఉంటది, తెలుగుల ప్రార్థన చేసేటోడు షెడ్డుల నేనొక్కన్నే. నాకు చదువు రాదు అందుకే ఫోన్ల ఆడియో బైబిల్ పెట్టుకుంట, 2 తిమోతి చివర్ల పౌలు జైల్ల ఉండి అంటడు అందరు నన్ను విడిచి పోయిండ్రు ఎవరూ నా పక్కన నిలబడలే, అయితె ప్రభువు నా పక్క నిలిచి నన్ను బలపరిచిండు అని, ఆ మాట కాడ మళ్ళ వెనకకు పెట్టి వింట. పక్క మంచం బీహార్ తమ్ముడు ఏం వింటున్నవు భయ్యా అని అడిగితె వచ్చీరాని హిందీల చెప్పిన, సగం మాటలు దొరకలే నాకు, వాడే హిందీ ఆడియో ఉంటదా అని అడిగిండు దింపి ఇచ్చిన. నాకు మాటలు రావు అక్క, ప్రభువుకు అన్ని భాషలు వస్తయి. మీకు మాట మంచిగ వస్తది భయపడకండ్రి.

హాలియా_టైలరక్క

అందరికీ చాల చాల వందనాలు. ఇంత మంది ఇంత మంచిగ రాస్తరని అనుకోలే, నిన్న రాత్రి మా ఆయనకు అన్నీ చదివి వినిపిచ్చిన. పౌలు వణికిండు అన్న దాని కాడ ఆయన "మళ్ళొకసారి చదువు" అన్నడు. బైబిల్ కాలేజ్ తమ్ముడు రాసింది విని ఇక మీద ఆదివారం రాత్రి ఇద్దరం కూసొని ప్రార్థన చేద్దాం అన్నడు, తనే అన్నడు.

కోయిల్‌సాగర్ అన్నా, మీ మాట నా మనసుకు బాగ తాకింది. నేను రోజు మీలాంటి ఇండ్లోళ్ళ బట్టలే కుడుత, బతుకమ్మ చీరలకు బ్లౌజులు కుట్టేది నేనే, వాళ్ళ మీద నాకు ప్రేమ తప్ప ఇంకేం లేదు. వాళ్ళకు అది తెలవాలె, ముందు అది తెలిసినంకనే నా మాటకు విలువ. నర్సు చెల్లె, నాకు నువ్వు చెప్పినట్టు ఫోన్ చేసేటంత దగ్గరి మనిషి సంఘంల ఎవరూ లేరు, ఉన్నోళ్ళు పెద్దోళ్ళు, నా మొహమాటం కూడ ఉంది, అది చూసుకోవాలె. మేస్త్రి అన్నా, మీ బీహార్ తమ్ముని గురించి కూడ మా ప్రార్థనల పెట్టుకుంటం.

ఇంకొకటి అడగాలె. వదిన మళ్ళ వచ్చింది. బ్లౌజు తీసుకపోనీకి కాదు, ఊరికెనే వచ్చింది, పిల్లలను బడికి తోలి. "ఆ రోజు చెప్పినవు గదా, అది ఎక్కడన్న రాసి ఉంటదా" అన్నది. ఏడో తరగతి దాక చదివిందంట, చిన్న అక్షరాలు చదవలేదు, మా ఇంట్ల ఉన్న బైబిల్ చూసి ఇంత పెద్దదా అన్నది. నేను చదివి వినిపియ్యాల్నా, ఏమన్న ఇయ్యాల్నా? ఇస్తే ఎక్కడ మొదలుపెట్టమని చెప్పాలె?

పాలమూరు_నైట్‌డ్యూటీ

అక్కా ఎంత మంచి వార్త! మొత్తం బైబిల్ ఒకేసారి ఇయ్యకండ్రి, ఒక్కొక్క సువార్త విడిగ చిన్న పుస్తకం లెక్క దొరుకుతది, బైబిల్ సొసైటీ వాళ్ళు వేస్తరు, సికింద్రాబాద్‌ల వాళ్ళ ఆఫీసు ఉంది, మీ చర్చిల అడిగినా తెప్పిస్తరు. పెద్దక్షరాలది ఉందా అని అడగండ్రి. ఇచ్చే ముందు వాళ్ళింట్ల పెద్దోళ్ళు ఏమన్న అంటరా అని ఆమెనే అడగండ్రి, ఆమెకు ఇబ్బంది కావొద్దు, మీ ఇంట్లనే పెట్టుకొని వచ్చినప్పుడు చదువుకుంట అంటె అట్లనే కానియ్యండ్రి. మొహమాటం సంగతి, మీకు ఓకే అయితె నాకు మెసేజ్ పెట్టండ్రి, నైట్ డ్యూటీ లేని రోజుల పొద్దుగూకినంక నేను ఖాళీనే.

దేవరకొండ_పాస్టరయ్య

లూకా ఇయ్యి బిడ్డా. 7వ అధ్యాయంల నాయీను ఊరి కాడ విధవరాలు ఉంటది, ఒక్కగానొక్క కొడుకు పాడె మీద పోతుంటె ప్రభువు ఆమెను చూసి కనికరపడి ఏడువకు అంటడు. ఆమె ఏమీ అడగలే, విశ్వాసం ఉందా అని ఆయన కూడ అడగలే. అక్కడ మొదలుపెట్టి, ఇద్దరు కూసొని మెల్లగ చదువుకోండ్రి, అర్థం కాని కాడ అర్థం కాలేదనే చెప్పు, అన్నీ నువ్వే చెప్పాలని లేదు. వదిన ఏడిస్తె చదువుడు ఆపి చాయ్ పెట్టు.

మా ఇంటామె వచ్చే శనివారం పెద్దవూరల చుట్టాలింటికి వస్తది, అక్కడికెల్లి హాలియా దగ్గరనే గదా, మీ ఇంటికి వచ్చి కూసుంటది. ఆమెకు కూడ రెండు బ్లౌజులు కుట్టేవి ఉన్నయంట, కొలత బ్లౌజు తెస్త అంటుంది. అడ్రస్ ఇక్కడ రాయకు, నాకు విడిగ మెసేజ్ పెట్టు.